సరేగారి వేలు

మా ఆయన రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టినప్పుడే నేను మేలుకోవలసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను, మనిషన్నాక కాస్త నున్నగా కనబడాలండీ అని. చెవిటివాడికి చెప్పినట్టే ఉండేది. ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు మాత్రం గీసుకునేవాడు, అదీ నేను రేజరు చేతికిచ్చి వాకిట్లో కాపలా కాస్తే. అలాంటి మనిషి ఇప్పుడు తెల్లారేసరికి అద్దం ముందు హాజరు. నాలుకతో బుగ్గ ఉబ్బించి, చెవి కింద నుంచి గొంతు దాకా గీసుకుని, వేలితో తడిమి చూసుకుని, తృప్తి కలక్క మళ్ళీ సబ్బు రాసుకుంటున్నాడు. పైగా కూనిరాగం ఒకటి.

"ఎవరి కోసమండీ ఈ సింగారం?" అన్నాను.

"సరేగారు ఒప్పుకోవట్లేదే. నిన్న మూడుసార్లు వెనక్కి పంపింది."

చెప్పేవాడు కాస్త తడబడినా బాగుండేది. నూనె లేదు, ఉప్పు లేదు అన్నట్టు చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్టుకున్నదాన్ని ఇన్నేళ్ళు అడిగితే రాని నునుపు, ఆవిడ వెనక్కి పంపితే వచ్చిందన్నమాట.

సరేగారంటే ఎవరో చెప్పాలంటే ముందు మా పని గురించి చెప్పాలి. మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో చేస్తాం. అక్కడ బెంజాయిల్ క్లోరైడ్ అని ఒక ద్రవం వాడతారు, మేమంతా బెంజాయిల్ అంటాం. చూడ్డానికి మంచినీళ్ళలా ఉంటుంది. మూత తీస్తే గాలిలో తేమ తగిలి పొగలు కక్కుతుంది. ఆ పొగ సోకితే ఎంత మొండివాడైనా బొటబొటా కన్నీళ్ళు కార్చాల్సిందే. నీళ్ళు కలిస్తే ఘాటైన ఆమ్లం పుడుతుంది, అడుగున తెల్లటి పలుకులు మిగులుతాయి. అందుకని డ్రమ్ములోకి చుక్క నీరు పోకుండా పొడి నైట్రోజన్ నింపి ఉంచుతారు. నేల మీద ఒలికితే పొడి ఇసక పోస్తారు గానీ పైపు పెట్టి కడగరు. ఒంటి మీద పడితే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. షవరు కింద నిలబెట్టి, బాబోయ్ చాలన్నా వినకుండా, ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి. ప్లాస్టిక్కులకీ, రంగులకీ, మందులకీ, చివరికి అత్తర్లకీ దీంతో పని ఉంటుందట. ఆ అత్తర్లు పూసుకునేవాళ్ళని ఒక్కసారి మా షెడ్డుకి తీసుకొచ్చి వాసన చూపించాలని నా కోరిక.

ఆయన ఆ షెడ్డులో డ్రమ్ముల మేస్త్రి. నేను దాని ఎదురుగా ఉన్న మాస్కుల గదిలో. మాస్కులు కడిగి, ఆరబెట్టి, పట్టీలు, ఫిల్టర్లు మార్చి, ఎవరి మాస్కు వాళ్ళకి అందించడం నా పని.

డ్రమ్ము తెరిచే పని ఎవరూ ఒంటరిగా చెయ్యకూడదు. జత ఉండాలి. ఒకరు పసుపు గీత దాటి లోపల పని చేస్తారు. రెండోవాళ్ళు గీత బయట నిలబడి, మాస్కు మెడలో వేసుకుని, చూపు తిప్పకుండా కాపు కాస్తారు. షవరు పక్కన బెల్లు దగ్గర ఇంకో మనిషి. తన మాస్కు మొహానికి సరిగ్గా అతికిందో లేదో తనకి తెలియదు కాబట్టి, లోపలికి వెళ్ళేవాళ్ళ మాస్కు అంచు చుట్టూ జత మనిషి వేలు తిప్పి చూడాలి. నుదురు, కణతలు, చెంపలు, దవడ కింద. అక్కడ గడ్డం మాసి ఉంటే అంచు అతకదు, పొగ దూరిపోతుంది. వేలు చుట్టూ తిరిగొచ్చాక జత మనిషి "సరే" అనాలి. ఆ మాట వినబడేదాకా గీత దాటకూడదు.

చూసీచూడనట్టు సరే అనేసే పాత జత మనిషి రిటైరైపోతే ఆ స్థానంలోకి వచ్చింది ఈవిడ, అంతకు కొన్నాళ్ళ ముందే వేరే ఫ్యాక్టరీ నుంచి మా దగ్గరికి మారిన మనిషి. "సరే" అనే మాట ఆవిడ నోటి నుంచి రావడం గగనం. అందుకే అందరూ కలిసి ఆ పేరు పెట్టేశారు. అందగత్తె అయినా బాగుండేది, మగబుద్ధి అని సరిపెట్టుకునేదాన్ని. బక్కపలుచని మనిషి, ముక్కు మీద కళ్ళజోడు గుర్తు, నవ్వితే అరిగిపోతాననుకునే మొహం. ఆవిడలో ఏముందో తెలియకపోవడమే నా అసలు బాధ.

నా కిటికీలోంచి షెడ్డు గుమ్మం తిన్నగా కనబడుతుంది. డ్రమ్ము తెరిచే రోజు ఆయన మాస్కు పెట్టుకుని, కాస్త వంగి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. ఆవిడ చేతి తొడుగు తీసి, వేలితో ఆయన మొహం చుట్టూ నెమ్మదిగా తడుముతుంది. దవడ కింద ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ తడుముతుంది. నేను ఇక్కడ కడిగిన మాస్కునే కడుగుతూ ఉంటాను. అది ఉద్యోగమేనని నాకు తెలియదా? నేనూ ఒకప్పుడు ఆ షెడ్డులో చేసినదాన్నే. అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాక, పగటి డ్యూటీ కావాలని ఇటు మారాను. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

ఇంట్లో ఆయన చొక్కా వాసన చూసేదాన్ని. వేరే ఆడదాని అత్తరు వాసన వస్తే నిలదీయొచ్చు. బెంజాయిల్ వాసన వస్తే ఏమని నిలదీస్తాం? అదే వాసన ఆవిడ ఒంటి మీదా ఉంటుంది. ఇద్దరూ ఒకే సీసాలోది పూసుకున్నట్టు.

"చొక్కాలో మొహం పెట్టి ఏం చేస్తున్నావే?" అంది అత్తయ్య ఒకసారి.

"సబ్బు సరిగ్గా పోయిందో లేదోనని, అత్తయ్యా."

"పోయేది సబ్బు కాదు, నీ మతి," అని తన మోకాళ్ళకి మందు రాసుకుంటూ కూర్చుంది.

ఒక చిన్న పని మాత్రం చేశాను. సరేగారి మాస్కుకి ఉన్నవాటిల్లోకెల్లా బిరుసు పట్టీ వేశాను. మాస్కు మంచిదే, ఆ విషయంలో నా చెయ్యి ఎప్పుడూ తప్పదు. పట్టీ తీసేటప్పుడల్లా ఆవిడ జుట్టు రెండు మూడు వెంట్రుకలు పీక్కొచ్చేది. ఆవిడ ఒక్కసారీ ఏమీ అనలేదు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అసలు ముల్లు ఇంకోటి ఉంది. పాత జత మనిషి వెళ్ళిపోతున్నప్పుడు నేనే అడిగాను, "నేను వస్తానండీ మీ జతకి. పని తెలిసినదాన్ని" అని.

"నువ్వొద్దులే," అన్నాడు.

"ఏం, ఎందుకొద్దు?"

"వద్దన్నాను కదా."

తర్వాత తెలిసింది, సరేగారే కావాలని ఆయనే నోరు తెరిచి అడిగాడని. అది విన్న రోజు నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళాన్ని వద్దని, పరాయి మనిషిని ఏరుకున్నాడు. ఇంక ఊరుకోకూడదనుకున్నాను. ఆ గీత దగ్గర నిలబడాల్సింది నేనో ఆవిడో తేలిపోవాలి. ఫ్యాక్టరీలో మా రక్షణ సంగతులన్నీ చూసే సేఫ్టీ ఆయన గదికి తిన్నగా వెళ్ళాను.

"భార్యాభర్తల్ని జత వెయ్యడం మన దగ్గర అలవాటు లేదమ్మా," అన్నాడాయన.

"అలవాటు లేదా, వెయ్యకూడదని రూలా?"

"రూలంటూ ఏమీ…"

"రూలు లేనప్పుడు నన్ను వెయ్యండి. పరీక్ష పెట్టండి. తప్పితే మళ్ళీ మీ గడప తొక్కను."

పెట్టాడు. ఉత్తుత్తి ప్రమాదం. మా ఆయన ఖాళీ డ్రమ్ము పక్కన స్పృహ తప్పినట్టు పడుకోవాలి, నేను కాపాడాలి. షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాలతో నాలుగు మాటలుంటాయి: బెల్లు, మాస్కు, వేలు, కాలు. అంటే జత మనిషి పడిపోతే ముందు బెల్లు మోగాలి. తర్వాత నీ మాస్కు పెట్టుకోవాలి. బెల్లు దగ్గరి మనిషి దాని చుట్టూ వేలు తిప్పి సరే అనాలి. అప్పుడు గానీ లోపలికి కాలు పెట్టకూడదు. నేను వరసగా నాలుగూ చేశాను. బెల్లు దగ్గర ఉన్నది సరేగారే. నా మొహం చుట్టూ వేలు తిప్పి, రెండోసారి తడమకుండానే "సరే" అంది. ఆయన్ని చంకల కింద పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చాను. "పడిపోయినవాడు ఇలా బుగ్గలు బిగపట్టడండీ, కాస్త సహజంగా చెయ్యండి" అని పరాచికం కూడా ఆడాను. సేఫ్టీ ఆయన చప్పట్లు కొట్టాడు. సరేగారు తలూపింది. మా ఆయన మాత్రం నేల మీద నుంచి లేస్తూ, ప్యాంటు దులుపుకుంటూ, "బాగానే చేశావు" అన్నాడు, నవ్వకుండా.

ఆవిడ చోటు పోతోందని బెంగ కాబోలు అనుకున్నాను.

తర్వాతి డ్రమ్ము రోజు గీత దగ్గర నేను, బెల్లు దగ్గర ఆవిడ. తెల్లవారుజామున వాన పడి వెలిసింది, గాలి నిండా తేమ. ఆయన మాస్కు పెట్టుకుని నా ముందు వంగి నిలబడ్డాడు. తొడుగు తీసి వేలు పెట్టాను. నుదురు, కణత, చెంప. ఇంట్లో ఆయన మొహం మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో ఆలోచించుకుంటే సిగ్గేసింది. రబ్బరు అంచు పక్కన చర్మం వెచ్చగా, పసిపిల్లాడి బుగ్గంత నున్నగా ఉంది. ఇన్నాళ్ళూ ఈ నునుపంతా ఆవిడకే దక్కింది కదా అనిపించింది. దవడ కింద కావాలనే కొంచెం ఆగాను. ఆ తర్వాత బెల్లు దాకా వినబడేలా "సరే!" అన్నాను.

పని మామూలుగానే మొదలైంది. డ్రమ్ము నుంచి పక్కనున్న తొట్టెలోకి గొట్టం బిగించి నైట్రోజన్ ఒత్తిడితో సరుకు పంపించాలి. ముందుగా ఆయన అమోనియాలో ముంచిన దూది పుల్ల గొట్టం బిగించిన కీలు దగ్గర పెట్టి తిప్పాడు. ఎక్కడైనా బెంజాయిల్ ఊరుతుంటే ఆ దూది తగిలి తెల్లగా పొగ లేస్తుంది. సన్నగా లేచింది. ఆయన నాకు చెయ్యి ఊపి చూపించి, నైట్రోజన్ కట్టేసి, కీలు మళ్ళీ బిగిద్దామని కాస్త వదులు చేశాడు. గొట్టంలో ఒత్తిడి ఇంకా మిగిలే ఉంది. చివ్వున చిమ్మింది. భుజం మీద, మెడ మీద. ఆయన ఒక్కసారిగా వెనక్కి గుంజుకున్నాడు. ఆ గుంజుడులో మాస్కు పట్టీ వాల్వు పిడికి తగులుకుని మాస్కు పక్కకి జారిపోయింది. తెల్లటి పొగలో ఆయన మోకాళ్ళ మీద కూలబడటం చూశాను.

గోడ మీద నాలుగు మాటలున్నాయి. నాకు నాలుగోది ఒక్కటే గుర్తొచ్చింది.

మాస్కు నా మెడలోనే ఉంది, చెయ్యెత్తితే అందేది. ఎత్తలేదు. బెల్లు కొట్టమని కేక వెయ్యలేదు. "ఏవండీ!" అంటూ గీత దాటేశాను. రెండు అడుగులకే కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. గొంతు బిగుసుకుపోయింది. ఆయన చొక్కా చేతికి దొరికింది, ఆయన్ని లేపబోయి ఆయన మీదే పడ్డాను. ఆ తర్వాత ఊపిరి లేదు, చూపు లేదు, చొక్కా మాత్రం వదల్లేదు.

ఎక్కడో బెల్లు మోగుతోంది. ఎవరో వస్తారనుకున్నాను. రాలేదు. రావట్లేదేమిటి, చావనీ అనుకుంటోందా అని కూడా అనుకున్నాను. ఊపిరాడని ఆ క్షణంలో కూడా ఆవిడ మీద ఏడ్చానంటే నా సంగతి మీరే అర్థం చేసుకోండి.

ఎవరో నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తున్నారు. నేను పట్టు వదలకపోతే చేతి మీద గట్టిగా ఒక్కటి పడింది. తర్వాత నీళ్ళు. తల మీద, కళ్ళలో, నోట్లో, ఆగకుండా నీళ్ళు. పక్క షవరు కింద ఆయన దగ్గు వినబడింది. ఆ దగ్గు విన్నాక నేను అక్కడే తడి నేల మీద కూలబడ్డాను.

ఆస్పత్రిలో నా కళ్ళకి మందు వేసి దూది పెట్టారు. ఆయన పక్క మంచం మీద ఉన్నాడు. భుజం కాలింది, మెడ ఎర్రబడి బొబ్బలెక్కింది, ఊపిరితిత్తుల్లోకి ఏమైనా పోయిందేమో కొంతసేపు చూడాలన్నారు డాక్టర్లు. ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ మాస్కులోంచి బొంగురుగా పిలిచాడు.

"ఏమే."

"ఊఁ."

"ఇందుకే వద్దన్నాను నిన్ను."

గొంతు వచ్చిన వైపు తల తిప్పాను.

"నేను పడితే నువ్వు ఆగవు. నాకు తెలుసు. నువ్వు పడితే నేనూ ఆగను. ఇద్దరం పోతే అమ్మని ఎవరు చూస్తారే? అందుకని ఆగగలిగే మనిషిని అడిగాను."

"ఆ మాట అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెబితే, నేను ఆగగలను అని పందెం కాసేదానివి."

నిజమే, కాసేదాన్ని. పరీక్షలో గెలిచాను కూడా. దూది కింద కళ్ళు మళ్ళీ మండాయి. ఈసారి బెంజాయిల్ తప్పేమీ లేదు.

సాయంత్రం సరేగారు చూడ్డానికి వచ్చింది. అప్పటికి నా దూది తీసేశారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి బత్తాయిలు తీసి బల్ల మీద పెట్టింది. మామూలు మొహమే, నవ్వు లేదు. ఆవిడ చేతి మీద నా గోళ్ళు దిగిన గీతలున్నాయి. థాంక్స్ చెప్పాలని నోరు తెరిచి, వేరే మాట అన్నాను.

"మేము లోపల పడి ఉంటే, మాస్కు పెట్టుకుని, అది అవతలివాళ్ళు తడిమి చూసేదాకా… ఎలా ఆగగలిగావు? చేతులు వణకలేదా?"

"బెల్లు విని పరిగెత్తుకొచ్చిన సేఫ్టీ ఆయన వేలే వణికింది. సరిగ్గా చూడండని రెండోసారి తిప్పించాను."

"అదే అడుగుతున్నాను. కాళ్ళెలా నిలిచాయి?"

ఆవిడ నా వైపు చూసింది. అడగకూడనిదేదో అడిగానన్నట్టు, బల్ల మీంచి ఒక బత్తాయి అందుకుంది.

"మీ ఆయన కదా వదినా," అంది. "మా ఆయన కాదుగా."

బత్తాయి ఒలవడం మొదలుపెట్టింది. "మా ఆయనయితే నేనూ పరిగెత్తేదాన్నే. అందుకే ఆయన పనిచేసే చోట నేను చెయ్యను. అక్కడి నుంచి ఇక్కడికి మారింది అందుకే."

తొక్క తీసి, తొనలు విడదీసి నా చేతిలో పెట్టింది. ఆవిడకి ఒక మొగుడున్నాడని కూడా నాకు ఆ పూటే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆవిడ గురించి ఎంత ఆలోచించానో, ఆ ఒక్క సంగతి అడగాలని మాత్రం తట్టలేదు. తొనలు నోట్లో పెట్టుకున్నాను. గొంతు కాలి ఉండటం వల్ల దిగలేదు.

ఆయన కంటే ముందు నేనే డ్యూటీకి వెళ్ళాను. వెళ్ళగానే చేసిన పని, సరేగారి మాస్కుకి ఆ బిరుసు పట్టీ పీకేసి మెత్తటిది వెయ్యడం. షెడ్డు కాగితాల్లో నా పేరు ఉంచాలా అని సేఫ్టీ ఆయన మొహమాటంగా అడిగాడు. "తీసెయ్యండి. కట్టుకున్నదాన్ని ఆ గీత దగ్గర ఎవరు నిలబెడతారు?" అని ఆయన్నే ఎదురు కసిరాను.

మెడ మీద చర్మం మానేదాకా మా ఆయన ఇంట్లో ఉన్నాడు. గడ్డం బాగా పెరిగింది, అక్కడక్కడా తెల్లబడింది కూడా. మళ్ళీ డ్రమ్ము రోజు వచ్చేసరికి డాక్టరు వెళ్ళొచ్చన్నాడు. పొద్దున్నే ఆయన అద్దం ముందుకు వెళ్ళబోతుంటే రేజరు లాక్కున్నాను.

"కూర్చోండి."

"నేను గీసుకుంటానే."

"మీరు గీసుకుంటే దవడ కింద ఎప్పుడూ వదిలేస్తారు. ఆవిడ అక్కడే ఆగుతుంది, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా ఇన్నాళ్ళూ. తలెత్తండి."

పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టాను. అత్తయ్య గుమ్మంలోంచి చూసి, "కోసెయ్యకే వాణ్ణి" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. సబ్బు నురగ రాశాను. మెడ మీద కొత్త చర్మం ఇంకా గులాబి రంగులో ఉంది, దాని చుట్టూ ఊపిరి బిగబట్టి గీశాను. కణత పక్కన, చెంప మీద, దవడ మలుపు దగ్గర, దాని కింద. కడిగి, తుడిచి, తొడుగు తీసిన ఆవిడ వేలు ఎలా తిరుగుతుందో అలాగే నా వేలు తిప్పి చూశాను. దవడ కింద ఒక చోట గరుకు తగిలింది. మళ్ళీ నురగ రాసి గీశాను. పరాయి ఆడదాని వేలికి ఒక్క వెంట్రుక కూడా తగలకూడదని మొగుడి మొహాన్ని అంత జాగ్రత్తగా గీసిన పెళ్ళాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"అయిందా? సరేనా?" అన్నాడు, నా చెయ్యి పట్టుకుని.

"ఆ మాట నేను అనను," అన్నాను. "ఆవిడని అననివ్వండి. వెళ్ళండి."

ఫ్యాక్టరీలో నా గది కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన వంగాడు, కళ్ళు మూసుకున్నాడు. సరేగారు తొడుగు తీసింది. వేలు నుదుటి మీద మొదలై కణత దిగి, చెంప మీదుగా దవడ కిందికి వచ్చింది. అక్కడ ఆగలేదు. తిన్నగా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆవిడ ఒక్కసారి తలెత్తి నా కిటికీ వైపు చూసింది.

నా కడుపు భగ్గుమంది. అది మారలేదు, మారుతుందని నమ్మకమూ లేదు. అయినా ఆవిడ నోటి నుంచి వచ్చే ఆ ఒక్క మాట వినాలనే కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టుకున్నాను.